ఐదుసార్లు కాలితే సున్నా రాశారు

కరెంటు కంపెనీవారూ, మా ఓడో-ఇరిన్ వీధి ట్రాన్స్‌ఫార్మర్ పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా కాలిపోలేదని రాశారు మీరు. ఆ రాసిన చెయ్యి ఎవరిదో నాకోసారి చూపించండి. దాని మీద ఒక్క బొబ్బ మచ్చ కూడా ఉండదని నాకు తెలుసు. నా రెండు చేతుల మీదా ఉన్నాయి.

ఐదుసార్లు కాలింది. ఐదుసార్లూ దాని పొట్ట విప్పి, మాడిన తీగ పీకేసి, కొత్త తీగ చుట్టినవాణ్ణి నేనే. నా పేరు లామిడి అకిన్‌తాయో. ఇబాదాన్ నగరంలో ముప్ఫై ఏళ్ళ నుంచి నాది మోటార్ వైండింగ్ షాపు. చదువు ఆరో తరగతితో సరి. మిగతాదంతా కాలిన మోటార్లు నేర్పాయి.

ఆరోసారి మార్చిలో కాలింది, ఈ ఏడు మొదటి పెద్ద వాన పడ్డ రోజున. ఈసారి లోపలి ఇనుప రేకులు కూడా కరిగి ముద్దకట్టాయి. చుట్టడానికి ఏమీ మిగల్లేదు. దాచడం కుదరక కంపెనీకి చెప్పాం. వాళ్ళు వచ్చి చూసి "కొత్తది వేస్తాం" అన్నారు. వీధి వీధంతా చప్పట్లు కొట్టింది. మూడో రోజున కాగితం వచ్చింది.

నగరంలో రెండువందల పన్నెండు వీధులకి రాబోయే ఏడేళ్ళలో ఏ ట్రాన్స్‌ఫార్మర్ వేయాలో చెప్పే పట్టిక అది, మాది ఆరోసారి కాలకముందే కట్టింది. మా వరసలో ఇలా ఉంది: ఇప్పుడున్నది చిన్న రకం. చెడిపోయిన సార్లు, సున్నా. కొన్న ఖర్చు, సున్నా. ఇకమీదట వేయవలసింది అదే చిన్న రకం, ఎందుకంటే పెట్టిన డబ్బుకి దక్కే ఫలితం దాంట్లోనే ఎక్కువట.

చిన్న రకమంటే అరవై ఇళ్ళకి సరిపోయేది. లోపల రాగి కూడా కాదు, అల్యూమినియం. మా వీధిలో నూట నలభై ఇళ్ళు, మూడు పిండిమరలు, నా షాపు, ఇయా సికేమీ చేపల కోల్డు రూము. మాకు కావలసింది పెద్ద రకం, రాగి చుట్టినది. మళ్ళీ చిన్నది వేస్తే రెండు వానలు చూడదు. పట్టిక మీద సంతకాలు పడ్డాయంటే ఏడేళ్ళదాకా దాన్ని ఎవడూ కదపడు. సంతకాలకి ముందు, కంపెనీ మీద అజమాయిషీ చేసే నియంత్రణ మండలి బహిరంగ విచారణ పెట్టాలి. అది ఏప్రిల్ ఇరవై నాలుగు, గురువారం. నా చేతిలో ఉన్నది ఐదు వారాలు.

కాగితం తీసుకెళ్ళి ఇయా సికేమీకి చదివి వినిపించాను. సికేమీ వాళ్ళమ్మ కాబట్టి వీధంతా ఆమెని అలాగే పిలుస్తుంది. ఆమె దగ్గర చేపలు తీసుకెళ్ళి అమ్ముకునే ఆడవాళ్ళు నలభై మంది ఉంటారు. అప్పుడామె కట్టుగుడ్డ మోకాళ్ళదాకా ఎగదోపుకుని, కరిగి కంపుకొడుతున్న పెట్టెల్ని బయటికి ఈడుస్తోంది.

"సున్నానా?" అంది. "మొన్న పారబోసిన పన్నెండు పెట్టెలు ఎవడబ్బ సున్నా?"

"కాగితంలో అలా ఉంది, ఇయా."

"నువ్వు చుట్టినప్పుడల్లా మేకని కోసి పెట్టానే, ఆ ఐదు మేకలూ సున్నాయేనా? పోయి అడుగు. నువ్వడక్కపోతే ఈ పెట్టెలు మోసుకెళ్ళి వాళ్ళ ఏసీ గదిలో కుమ్మరిస్తా. వాసన లెక్క కట్టుకుంటారు."

పోయాను. మూడు రోజులు తిప్పారు. గేటు దగ్గర కాపలావాడు "ఏం పని మీద?" అంటే "సున్నా పని మీద" అన్నాను. పిచ్చివాణ్ణనుకుని పక్కన నిలబెట్టాడు. నాలుగో రోజున నాలుగో అంతస్తుకి పంపారు. ఆ పట్టిక కట్టినామె అక్కడుంది. అఫియోంగ్ ఎతిమ్. కలబార్ వైపు అమ్మాయి, ముప్ఫై నిండి ఉండవు, గణాంకాల్లో పెద్ద చదువు చదివిందట. అరవడానికి గొంతు సవరించుకునేలోపే కుర్చీ లాగి వేసింది.

"కూర్చోండి బాబా. ఏ వీధి మీది?"

"సున్నా వీధి."

నవ్వలేదు. కంప్యూటర్లో వెతికింది. "ఓడో-ఇరిన్ కదూ. మీ ట్రాన్స్‌ఫార్మర్ నా లెక్కలో పహిల్వాను, బాబా. అంత తక్కువ ఖర్చుతో అంత సేవ చేసింది ఈ నగరంలో ఇంకోటి లేదు."

"ఆ పహిల్వానుకి ఐదు ఆపరేషన్లు చేసింది నేనే, తల్లీ."

ఆమె కుర్చీని నా వైపు తిప్పింది. లెక్క ఎలా కడతారో నాకు అర్థమయ్యేలా చెప్పింది. ఆ మాట మాత్రం ఒప్పుకోవాలి.

"ఏ రకం ఎన్నాళ్ళు బతుకుతుందో ముందే ఎవరికీ తెలీదు. అందుకని పాతవాటిని చూస్తాం. వేసిన తేదీ, కాలిన తేదీ. వేల తేదీలు పోగుచేస్తే ఈ రకం మూడో ఏట కాలే అవకాశమెంత, పదో ఏట ఎంత అని తేలుతుంది. దానికి కొన్న ధర, రిపేరు ఖర్చు, దార్లో వృథాగా పోయే కరెంటు, కాలినప్పుడు జనం చీకట్లో కూర్చున్న గంటలు, అన్నీ కలుపుతాం. ఆఖరికి ఒక ఇంటికి ఏడాది పొడుగునా లైటివ్వడానికి ఏ రకంతో ఎంత పడుతుందో వస్తుంది. తక్కువ పడేది పట్టికలో పైకెక్కుతుంది."

"మర బాగానే ఉంది. అందులో పోసిన గింజలు ఎవరివి?"

"కంపెనీ ఫిర్యాదుల పుస్తకంలోవి. అందులో లేనిది నాకు జరగనట్టే."

"మరి కొన్న ధర సున్నా ఏమిటి?"

"కంపెనీ కొనలేదుగా. మీ వీధివాళ్ళే కొని కంపెనీకి కానుకగా ఇస్తున్నామని సంతకం పెట్టారు."

సంతకం పెట్టింది నిజమే. ఈ నగరంలో వీధివీధికీ ఇదే రివాజు. కంపెనీ చుట్టూ ఏళ్ళకేళ్ళు తిరిగి తిరిగి, విసిగి, ఇంటికింతని వేసుకుని ట్రాన్స్‌ఫార్మర్ మనమే కొనుక్కుంటాం. కానుక కాగితం మీద సంతకం పెడితేగాని కంపెనీ దానికి లైను కలపదు. కంపెనీ మనిషి తప్ప ఇంకెవరూ దాన్ని విప్పకూడదని కూడా ఆ కాగితంలోనే ఉంటుంది. చందాలతో కొనేవాళ్ళకి అందేది చిన్న రకమే కదా. అంటే పేద వీధులన్నిటిలోనూ చిన్న రకం, దాని ధర సున్నా. ఇక కాలిందా, ఫిర్యాదు చేస్తే నాలుగు నెలలు. నేనైతే మూడు ఆదివారాలు. కంపెనీ ఆఫీసర్లు చర్చిలో ఉన్న వేళ, వాళ్ళ లైన్‌మన్ ఒకడు పొడవాటి కర్రతో ఫ్యూజు లాగి పెట్టి, అమలా ముద్ద తిని పోయేవాడు. నేను విప్పేవాణ్ణి. లైటు రాగానే మేకని కోసేవాళ్ళం, డప్పు కొట్టేవాళ్ళం. "ఓడో-ఇరిన్ ఎవడి ముందూ చెయ్యి చాచదు!" అని మా వీధి సంఘం అధ్యక్షుడు అల్హాజీ ఒయేలరన్ ఉపన్యాసం. ఐదుసార్లూ అదే ఉపన్యాసం, ఐదుసార్లూ నేను ముందు వరసలో కూర్చుని పొంగిపోయాను. కాలిన సంగతి పుస్తకంలో ఎక్కించాలన్న ఆలోచన మాలో ఒక్కడికీ రాలేదు. మీ సున్నాని సగం చుట్టింది నేనే.

"ఇప్పుడు చెబుతున్నాగా. మార్చు," అన్నాను.

"తేదీలుంటే మారుస్తాను. కానీ ఒక్క వీధే అయితే, అదేదో వింత అని పక్కకి నెట్టేస్తారు. నలభై వీధులు తెండి, అప్పుడు నెట్టడానికి చోటుండదు." గొంతు తగ్గించింది. "ఇంకో మాట, బాబా. కంపెనీ సొత్తు విప్పడం నేరం. మీరు తెచ్చే ప్రతి తేదీ మీ మీద మీరు పెట్టుకునే కేసు."

"జైలుందా?"

"ఉంది."

"అక్కడ లైటుంటుందా?"

అప్పుడు నవ్వింది.

శనివారం సంఘం కూర్చుంది. ముందు అల్హాజీ దువా చదివాడు, తరవాత పాస్టరు ప్రార్థన చేశాడు, తరవాత ఆలస్యంగా వచ్చినవాళ్ళకి జరిమానా. అది పూర్తయ్యాక నేను లేచి మొత్తం చెప్పాను. అల్హాజీ టోపీ తీసి తొడ మీద పెట్టుకున్నాడు. అదాయన కోపానికి గుర్తు.

"లామిడీ, నీకు మతి పోయిందా? ఆ కానుక కాగితం మీద ఉన్నది నా సంతకం. విప్పామని నువ్వు విచారణలో కూస్తే ముందు నన్ను ఈడ్చుకుపోతారు. చిన్నదో చితకదో, ఇచ్చేది పుచ్చుకుందాం. కాలితే నువ్వున్నావు కదా చుట్టడానికి."

"అదే జబ్బు, అల్హాజీ. నేనున్నాననే వాళ్ళు సున్నా రాశారు."

"ఓహో! ఆరో తరగతి ప్రొఫెసరుగారు మాకు పాఠం చెబుతున్నారు."

ఇయా సికేమీ వెనకనుంచి అందుకుంది. "ప్రొఫెసరు కాకపోతే పోనీ, అల్హాజీ. మీ ఇంట్లో పెద్ద జనరేటరుంది కాబట్టి మీకు ట్రాన్స్‌ఫార్మరంటే గుమ్మానికి కట్టిన తోరణం. నాకది కోడలు. అది లేవకపోతే నా పొయ్యి వెలగదు."

జనం నవ్వారు. అల్హాజీ టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. తీర్మానం లేదు, ఏమీ లేదు. పోనీ అనుకున్నాను. తీర్మానాలతో తీగ చుట్టలేం.

మా వైండింగ్ మేస్త్రీలకి ఒక అలవాటుంది. ఏ కాయిల్ విప్పినా, ఎన్ని చుట్లున్నాయి, తీగ మందమెంత, ఎవరిది, ఏ రోజు అనేది షాపు గోడ మీద రాసేస్తాం. అదే మళ్ళీ వస్తే చుట్లు లెక్కపెట్టే పని ఉండదు. కాగితం నూనెకి పాడవుతుంది, గోడ పాడవదు. నగరంలో మా మేస్త్రీల షాపులు ఇరవై మూడు. నెలాఖరు సోమవారం అందరం కలుస్తాం. అక్కడ అడిగాను: "మీ గోడలు నాకు చదవనివ్వండి."

"నీ గోడ నువ్వు చదువుకో, మా గోడల జోలికి రాకు," అన్నాడు రషీది. వాడికి నేనే పని నేర్పాను. ఆ రాత్రికి రాత్రే వాడు తన గోడకి నీలం రంగు కొట్టించేశాడు. ఇంకొకడు షాపుకి తాళం వేసి అబేఒకుతాలో ఉన్న అత్తగారింటికి పోయాడు. తొమ్మిది మంది మాత్రం తలుపు తీశారు. "మా పేర్లు చెప్పకు, తేదీలు చెప్పు," అన్నారు. సరే, పేరు నా ఒక్కడిదే ఉంటుందన్నాను.

వారం రోజులు గోడలు చదివాను. నలభై ఒక్క వీధులు. చిన్న రకం కాలిన సార్లు నూట ముప్ఫై ఒకటి. ఒక్కోటి సగటున రెండేళ్ళు బతికి చచ్చింది. కాగితాలు పట్టుకుని, అఫియోంగ్ మధ్యాహ్నం భోజనం చేసే అమలా హోటల్‌కి పరిగెత్తాను. ఎవేడు పులుసు పక్కకి జరిపి అన్నీ చదివింది. శెభాష్ అంటుందనుకున్నాను.

"ఇది చాలదు బాబా. ఇది కూడా అబద్ధమే."

చెంప మీద కొట్టినట్టయింది. "ఏమిటి అబద్ధం? చేతులు కాల్చుకుని రాసిన తేదీలవి!"

"తేదీలు నిజమే. కానీ మీ గోడ మీదికి కాలినవే వస్తాయి. కాలనివి మీ షాపు ముఖమే చూడవు. ఆసుపత్రి గేటు దగ్గర కూర్చుని లెక్కపెడితే ఊరంతా రోగిష్టే అనిపిస్తుంది కదా. అదే వీధుల్లో ఇంకా బతికున్నవి ఎన్ని, ఎన్నేళ్ళ నుంచి బతికున్నాయి? అవి కూడా కావాలి. కంపెనీ కాలినవాటిని వదిలేసింది, మీరు బతికున్నవాటిని వదిలేశారు. తేడా ఏముంది?"

"నువ్వు ఎవరి పక్షం, అమ్మాయ్?"

"పులుసు చల్లారుతోంది, బాబా. మీ పక్షమే కాబట్టి చెబుతున్నా. విచారణలో ఇదే ప్రశ్న మా మేనేజరు అడిగితే ఏం చెబుతారు?"

తిట్టుకుంటూ తిరిగాను. పన్నెండు రోజులు, ఎండలో, కేకే ఆటోకి డబ్బుల్లేనప్పుడు నడిచి. ప్రతి వీధిలోనూ ముసలివాళ్ళని పట్టుకుని "ఇది ఎప్పుడు వేశారు? ఎప్పుడైనా విప్పారా?" అని అడిగాను. ఒకచోట నన్ను ట్రాన్స్‌ఫార్మర్ నూనె తోడుకుపోయే దొంగ అనుకుని తరిమారు. మొత్తం నూట పద్దెనిమిది చిన్న రకాలు తేలాయి. అందులో యాభై మూడు ఒక్కసారి కూడా విప్పనివి. అవి కలిపేసరికి నా రెండేళ్ళు కాస్తా నాలుగేళ్ళయ్యాయి. ఒళ్ళు మండి అఫియోంగ్ దగ్గరికి పోయాను.

"నా వాదన నీళ్ళు కలిపిన ఒగీ జావలా అయిపోయింది," అన్నాను.

"నీళ్ళు కలపలేదు, వడకట్టాం. కంపెనీ పట్టికలో ఇదే రకం బతుకు ఎంతుందో తెలుసా? ఇరవై రెండేళ్ళు. మీ నాలుగుని ఇక ఎవరూ కొట్టలేరు. ఇప్పుడు మీవాళ్ళు కొన్న ధరకి రుజువు ఒక్కటి కావాలి."

ఆ రుజువు అల్హాజీ బీరువాలో ఉంది. మూడుసార్లు తలుపు తట్టాను. మూడుసార్లూ నమాజులో ఉన్నాడన్నారు.

గురువారం వచ్చింది. పురపాలక భవనంలో పెద్ద హాలు. వేదిక మీద మండలి పెద్దలు ముగ్గురు, పక్కన కంపెనీ జోనల్ మేనేజరు, అతని వెనక అఫియోంగ్. మేనేజరు నలభై నిమిషాలు తెర మీద రంగురంగుల గీతలు చూపించాడు. ఎవరైనా మాట్లాడతారా అని మండలి పెద్దాయన అడిగాడు. లేచి నా పేరు చెప్పాను, నా పని చెప్పాను.

"మా వీధి ట్రాన్స్‌ఫార్మర్‌ని ఐదుసార్లు విప్పాను. మిగతా వీధుల్లోవి ఇరవై ఆరుసార్లు విప్పాను. తేదీలు ఇవిగో. నా తోటివాళ్ళు విప్పినవి కూడా ఇందులో ఉన్నాయి. వాళ్ళ పేర్లు అడక్కండి, చెప్పను."

మేనేజరు కళ్ళద్దాలు తీశాడు. "మిస్టర్ లామిడి, మీరిప్పుడు ఒప్పుకున్నది ఏమిటో మీకు అర్థమవుతోందా? మీ లాయరుతో మాట్లాడారా?"

"నాకు లాయరు లేడు సార్, గోడుంది. మీ పుస్తకంలో ఈ నూట పద్దెనిమిదిలో కాలినవి తొమ్మిది. మా గోడల మీద నూట ముప్ఫై ఒకటి. నన్ను జైల్లో పెట్టండి, కానీ పెట్టే ముందు ఏది నిజమో చెప్పండి. నేను విప్పడం నేరమైతే అవి కాలినట్టే. కాలలేదంటారా, నేను దేన్ని విప్పానని కేసు పెడతారు?"

హాలు గొల్లుమంది. "మేకల సంగతి కూడా చెప్పు!" అని వెనకనుంచి ఇయా సికేమీ అరిచింది. మేనేజరు మొహం ఎర్రబడింది. "ధర విషయంలో ఆధారాలేవీ లేవు. అవి కానుకలు," అన్నాడు.

అప్పుడు ఇయా సికేమీ జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చింది. తలగుడ్డ విప్పి, మడతలోంచి ఒక పసుపురంగు కాగితం తీసి పెద్దాయన ముందు పెట్టింది. పదకొండేళ్ళ కిందటి కొనుగోలు రసీదు, అల్హాజీ బీరువాలోదే.

"మా అల్హాజీకి జ్వరం సార్, రాలేదు. రసీదుకి జ్వరం లేదు, వచ్చింది."

పెద్దాయన రసీదు చదివాడు, నా కాగితాలు తిరగేశాడు. అఫియోంగ్ వైపు చూశాడు. "అమ్మా, ఈ తేదీలు, ఈ ధర మీ లెక్కలో వేస్తే ఏమవుతుంది?"

మేనేజరు వెనక్కి తిరిగి ఆమెకేసి చూసిన చూపు హాల్లో అందరికీ కనిపించింది. ఆమె లేచి నిలబడింది.

"వేసి చూశానండీ. చిన్న రకం మొదటి స్థానం నుంచి ఐదో స్థానానికి పోతుంది."

"ఉన్నవి ఎన్ని రకాలు?"

"ఐదు."

సంతకాలు ఆగాయి. పరిశీలించి జూన్ ముప్ఫైన నిర్ణయం చెబుతామన్నారు. ఆ సాయంత్రం మా వీధిలో డప్పు కొడదామన్నారు. వద్దన్నాను. డప్పులు కొట్టే ఇంతదాకా తెచ్చుకున్నాం.

తరవాత జరిగింది కూడా వినండి. సోమవారం అఫియోంగ్‌ని నాలుగో అంతస్తునుంచి తీసేసి బిల్లుల విభాగంలో పడేశారు. బుధవారం నాకు నోటీసు వచ్చింది: కంపెనీ సొత్తుని అక్రమంగా విప్పిన కేసు, ముప్ఫై ఒక్క సార్లు. చూశారా, కేసు పెట్టడానికి మాత్రం అన్నిసార్లూ లెక్కకొచ్చాయి! శుక్రవారం లారీ వచ్చింది. దాని మీద సరికొత్త చిన్న రకం. "తాత్కాలికంగా పెట్టుకోండి," అన్నాడు డ్రైవరు.

మా ఊళ్ళో తాత్కాలికమంటే ఎంతో మాకు తెలుసు. ఇయా సికేమీ, చేపలమ్మే నలభై మందీ వెళ్ళి ట్రాన్స్‌ఫార్మర్ ఉండే ఖాళీ దిమ్మె మీద కూర్చున్నారు. డ్రైవరు హారన్ కొట్టాడు, బతిమాలాడు, "అమ్మలారా, నా ఉద్యోగం," అన్నాడు. వాడికి అకారా గారెలు పెట్టి, నీళ్ళిచ్చి, సరుకుతో సహా వెనక్కి పంపారు. అది జరిగి మూడు వారాలు. మార్చి నుంచి వీధిలో లైటు లేదు. నా షాపు మూత. కోల్డు రూము మూత. అల్హాజీ జనరేటరు మాత్రం మోగుతోంది. నిన్న ఆయనే ఒక తీగ లాగి ఇయా సికేమీ ఫ్రీజరుకి ఇచ్చాడు. దిమ్మె మీద ఆడవాళ్ళు వంతులేసుకుని కూర్చుంటూనే ఉన్నారు.

మండలి పెద్దలారా, పరిశీలిస్తున్నాం అనకండి. ఏం పరిశీలించాలో ఆ హాల్లోనే చూశారు. కంపెనీవారూ, ఆ నూట ముప్ఫై ఒక్క తేదీలూ మీ లెక్కలో వేయండి. ఇంటింటా పోగేసి మేం కొన్న ధర వేయండి, సున్నా చెరపండి. లెక్క తెలిసిన ఆ అమ్మాయిని తిరిగి తన కుర్చీలో కూర్చోబెట్టండి. కాలిందని చెప్పుకోవడానికి వచ్చే ఏ వీధివాణ్ణీ, ఏ మేస్త్రీనీ దొంగలా చూడబోమని రాసిచ్చి, ఇరవై మూడు షాపులకీ పంపండి. నా కేసు నడపాలనుకుంటే నడపండి, పిలిచిన రోజున నా కాళ్ళ మీద నేనే కోర్టుకొస్తాను. కానీ జూన్ ముప్ఫైదాకా ఆగం. రాగి చుట్టిన పెద్ద ట్రాన్స్‌ఫార్మర్‌ని లారీకెక్కించండి, ఈ వారమే తెచ్చి ఓడో-ఇరిన్ దిమ్మె మీద దించండి.